రెండు ట్రిగ్గర్లు, మామయ్య బొటనవేలు

పోయిన వారం చెప్పిన కథలో నన్ను నేనే క్లబ్బు గుమ్మంలో కోపంతో ఊగిపోతూ నిలబెట్టి వదిలేశాను. ఇంకా అక్కడే ఉన్నాను. కోపం తగ్గలేదు సరికదా, ఇంకాస్త ముదిరింది. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్లకు సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్తాను.

మా వ్రబ్లోవ్ పిస్తోలు క్లబ్బుకు అధ్యక్షుడు మా మామయ్య ఒతకార్. ఉద్యోగమంతా పక్క ఊరి ఆయుధాల ఫ్యాక్టరీలో ట్రిగ్గర్లు బిగించి రిటైరైన మనిషి. నేను వెందులను, ఆయన కోడలిని, నలుగురున్న క్లబ్బు టీములో ఒకదాన్ని. చలికాలంలో పందిని కోసిన రోజు కత్తి జారి నా ఎడమచేతి బొటనవేలి నరం తెగింది. కుట్లు మానాయి గానీ వేలికి పట్టు రాలేదు. పిండి పిసుకుతాను, బిడ్డ జడ వేస్తాను, కారు నడుపుతాను. ఒక్క పిస్తోలు హామర్ మాత్రం దించలేను.

పోటీలో తూటా ఎక్కించాక పిస్తోలు వెనక తూటాను కొట్టే హామర్‌ను దించి ఒరలో పెట్టాలి. సేఫ్టీ రకం పిస్తోలైతే ఎడమచేతి వేళ్లతో హామర్‌ను గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా కిందికి వదలాలి. జారిందంటే పేలుతుంది. డీకాకర్ రకమైతే ఆ గొడవే లేదు. పక్కనున్న లీవర్ నొక్కితే హామర్ దానంతటదే దిగుతుంది, ట్రిగ్గర్‌ను ముట్టుకోనక్కర్లేదు. పోయిన వారం పాత సేఫ్టీ పిస్తోలు హామర్ నా వేళ్లలోంచి జారింది. గుండు ఎదురుగా ఉన్న మట్టికట్టలో దిగబడింది, ఎవరికీ ఏమీ కాలేదు. మామయ్య అందరి ముందూ నన్ను కాల్చే గీత దగ్గర్నుంచి పంపేశాడు. పంపడం న్యాయమే, దానికి కాదు నా మంట. ఆ తర్వాత అన్న మాటకు.

"టీముకు కొత్త పిస్తోళ్లు వస్తున్నాయి. నలుగురికీ ఒకటే రకం, ఎప్పటిలాగే సేఫ్టీది. దించగలిగినవాళ్లు ఉంటారు, లేనివాళ్లు బల్లమీద కూర్చుని చప్పట్లు కొడతారు" అన్నాడు.

డీకాకర్ తీసుకుంటే ఏం పోయిందని అడిగాను. "ట్రిగ్గర్ పోయింది. దాన్ని లాగడమంటే తడిమట్టిలోంచి బూటు లాగడమే" అన్నాడు. కళ్లకు గంతలు కట్టి లాగించండి, అప్పుడు తెలుస్తుంది అన్నాను. సరేనన్నాడు. ముగ్గురు లాగాలి, ఇద్దరు ఏది మేలంటే టీముకు అదే. డీకాకర్ గెలిస్తే నేను ఉంటాను, ఓడితే నా చోటు ఖాళీ.

అదీ సంగతి. ఇక ఆదివారం పొద్దున్నకు వద్దాం.

మా క్లబ్బు గది పాత రాళ్లక్వారీలో, ఒకప్పుడు బళ్లు తూకం వేసిన కొట్టం. పొయ్యి రాజేస్తే పొగ లోపలికి, రాజేయకపోతే చలి లోపలికి. బల్లమీద అచ్చం ఒకేలాంటి రెండు కొత్త పిస్తోళ్లు. ఒకటి సేఫ్టీ, ఒకటి డీకాకర్. బయటినుంచి చూస్తే తేడా ఆ చిన్న లీవర్‌లోనే, అందుకే ఎవరూ బొటనవేలు దానిమీద పెట్టకూడదని ముందే ఒప్పందం. రెండింట్లోనూ పేలని డమ్మీ తూటాలు.

లాగేవాళ్లు ముగ్గురు. పోస్టుమ్యాన్ ద్రహోష్, బడిలో లెక్కలు చెప్పే లుద్మిల టీచర్, మా ఆయన విలెమ్. మా ఆయన్ను వద్దన్నాను. ఇంట్లో మనిషిని న్యాయం చెప్పమనడమేమిటని.

"నీకు మొగుడు, నాకు కొడుకు. లెక్క సరిపోయింది" అన్నాడు మామయ్య.

గంతలు కట్టడం నా పని, పిస్తోలు సిద్ధం చేసి అందించడం మామయ్య పని. ముందు ఏది ఇవ్వాలన్నది ఒక్కొక్కరికీ ఆయనే మార్చి మార్చి చూసుకున్నాడు. ప్రతివాళ్లూ ఒక్కోదాన్ని రెండుసార్లు లాగాలి. హామర్ దిగి ఉన్నప్పటి పొడుగు లాగుడు ఒకటి, హామర్ వెనక్కి ఎక్కించాక పొట్టి లాగుడు ఒకటి.

నా ఆశంతా పొడుగు లాగుడు మీదే. ఎందుకో చెబుతాను, ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. సేఫ్టీదానిలో హామర్ పూర్తిగా అడుక్కి దిగి ఉంటుంది, అంత దూరమూ మన వేలే వెనక్కి ఈడ్చుకెళ్లాలి. డీకాకర్ లీవర్ నొక్కితే హామర్ సగం దారిలో ఉన్న మెట్టు మీద ఆగుతుంది. కాబట్టి లాగుడు కాస్త పొట్టిది, కాస్త తేలిక. పొట్టి లాగుడు దగ్గర మాత్రం సేఫ్టీదే పైచేయి, అది నేనూ కాదనను. అది చెక్కముక్క విరిగినట్టు టక్కున తెగుతుంది. డీకాకర్‌లో లోపల ముక్కలు ఎక్కువ, తెగేముందు కొద్దిగా పాకుతుంది. కానీ పోటీలో దారితప్పే గుండు ఎప్పుడూ మొదటిదే, పొడుగు లాగుడుదే. అక్కడ గెలిస్తే చాలు.

దుకాణంలో నేను డీకాకర్‌ను ఎన్నోసార్లు లాగి చూశాను. ఆ తేడా నా వేలికి బాగా తెలుసు.

ముగ్గురూ లాగారు. గంతలు విప్పారు.

"పొడుగుది రెండింట్లోనూ ఒకటే. నాకేం తేడా తెలీలేదు. పొట్టిదాంట్లో నాకిచ్చిన మొదటిది బావుంది" అన్నాడు ద్రహోష్. మొదటిది సేఫ్టీది.

"నాకూ అంతే, పొడుగు లాగుడు సమానం" అంది లుద్మిల టీచర్. ఆమె కూడా సేఫ్టీదే అంది.

విలెమ్ నావైపు చూడకుండా, "సేమ్" అన్నాడు.

మూడుకు మూడూ. నేను నోరు వెళ్లబెట్టాను. సమానం ఎలా అవుతుంది? వీళ్లకు వేళ్లున్నాయా, సాసేజీలున్నాయా?

"ఏమ్మా, వేలు గొప్పదా, నోరు గొప్పదా?" అన్నాడు మామయ్య చేతులు తుడుచుకుంటూ.

"మళ్లీ లాగించండి" అన్నాను.

"ఓడిపోయిన ప్రతివాళ్లూ మళ్లీ అనే అంటారు. పదండి, పొయ్యిమీద క్లొబాసా సాసేజీలు మాడిపోతున్నాయి."

అందరూ పొయ్యి చుట్టూ చేరి క్లొబాసాలు ఆవాల ముద్దలో ముంచుకుని తింటున్నారు. పిస్తోళ్లు పెట్టెలోకి వెళ్లేదాకా మా క్లబ్బులో సారా సీసా అలమారా దాటదు, కాబట్టి ద్రహోష్ కళ్లు ఆ పెట్టె మీదే ఉన్నాయి. నాకు వచ్చిన దుఃఖం ఓడినందుకు కాదు, ఓటమి ఎక్కడినుంచి వచ్చిందో తెలియనందుకు. మామయ్య అబద్ధమాడే మనిషి కాదు. మొండివాడు, నోటిదురుసు, కానీ ట్రిగ్గర్ దగ్గర మోసం చేయడు. మరి?

ఆయన పిస్తోళ్లు సర్దుతున్నాడు. డీకాకర్‌ది చేతిలోకి తీసుకున్నాడు. పైన జారే స్లయిడ్‌ను వెనక్కి లాగి, లోపల చూసి వదిలాడు. హామర్ వెనక్కి నిలబడి ఉంది. అప్పుడు ఆయన ఏమాత్రం ఆలోచించకుండా, ముక్కు గోక్కున్నంత మామూలుగా, కుడి బొటనవేలు హామర్ మీద పెట్టి, ట్రిగ్గర్ నొక్కి, ఒంటిచేత్తో మెల్లగా అడుగుదాకా దించేశాడు.

లీవర్ వైపు వేలు కూడా పోలేదు.

"మామయ్యా!"

నా అరుపుకు ద్రహోష్ చేతిలో రొట్టె కిందపడింది.

"ఏంటే, పాము కనబడిందా?"

"ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశాను? పెట్టెలో పెడుతున్నా."

"పెట్టెలో పెట్టకముందు. హామర్ ఎలా దించారు?"

"ఎలా దించుతారు? వేలితో. నాకింకా వేలుందిలే."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పళ్లు బిగబట్టాను. ఇప్పుడు ఏడిస్తే మాట పోతుంది.

"పొద్దున్న ముగ్గురికీ అందించేటప్పుడు కూడా ఇలాగే దించారా?"

"మరి? ఇంత వయసొచ్చాక కొత్తగా నేర్చుకోవాలా?"

"డీకాకర్‌ది కూడా?"

ఆయన చేతిలోని పిస్తోలు వంక చూశాడు. ట్రిగ్గర్లతోనే బతికిన మనిషి కాబట్టి నేను ముందుకు చెప్పనక్కర్లేకపోయింది. కానీ నేను వదలదల్చుకోలేదు.

"లీవర్ నొక్కితే హామర్ సగంలో ఆగుతుంది. మీరు వేలితో అడుగుదాకా దించేశారు. అంటే ముగ్గురూ లాగింది రెండు సేఫ్టీ పిస్తోళ్లని! పొడుగు లాగుడు సమానమే అవుతుంది మరి, కాక చస్తుందా?"

"యేసూ, మరియమ్మా!" అన్నాడు ద్రహోష్.

"అంతేకాదు" అంది లుద్మిల టీచర్, నోట్లో ఉన్నది మింగి. "పోటీ నిబంధన ఉంది కదా ఒతకార్‌గారూ. లీవర్ ఉన్న పిస్తోలును లీవర్‌తోనే దించాలి, ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. మీరు చేసినట్టు పోటీలో ఎవరైనా చేస్తే మీరే బయటికి పంపుతారు."

మామయ్య ముఖం బీట్‌రూట్ అయింది. "ఆ లీవర్లన్నీ వేళ్లు లేనివాళ్ల కోసం చేసినవి" అని గొణిగాడు.

నేను ఎడమచేయి ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టాను. వంగని ఆ వేలు, దానిమీద గులాబీరంగు గీత.

"అవును మామయ్యా. ఇలాంటి వేళ్లవాళ్ల కోసమే."

ఆయన ఆ చేతివంక చూశాడు. క్షమించమనలేదు. క్షమించమనడం ఆయనకు రాదు, నేర్పినవాళ్లూ లేరు. కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి లాగి, "గంతలు తీసుకురా" అన్నాడు.

రెండోసారి మొదలైంది. ఈసారి మామయ్య డీకాకర్ లీవర్‌ను, ముల్లు గుచ్చుకుంటుందేమో అన్నట్టు, వేలి చివరతో నొక్కాడు. టిక్. హామర్ సగంలో ఆగింది.

ద్రహోష్ రెండూ లాగి, ఈలవేశాడు. "ఇది వేరే పిస్తోలేనయ్యా! పొడుగు లాగుడు ఎంత హాయిగా ఉంది! ఇదే, ఇదే నాది." డీకాకర్‌ది.

లుద్మిల టీచర్ తొందరపడలేదు. రెండింటినీ మళ్లీ అడిగి తీసుకుంది. "పొడుగుది ఇందులో పొట్టిగా ఉంది, నిజమే. కానీ ఆటలో మొదటి గుండు తర్వాతవన్నీ పొట్టి లాగుళ్లే కదా. నేను దానికే మార్కులు వేస్తాను. ఏమనుకోకు వెందులా" అంటూ సేఫ్టీదాన్ని చూపింది. ఏమనుకోను? నిజాయతీగా చెప్పింది. ఆ నిజాయతీని పట్టుకుని నాలుగు తన్నాలనిపించింది, అంతే.

ఒకటికి ఒకటి. మిగిలింది మా ఆయన.

విలెమ్ గంతలు కట్టుకుని కూర్చున్నాడు. మామయ్య సేఫ్టీది ఇచ్చాడు, లాగాడు. తర్వాత డీకాకర్ లీవర్ నొక్కాడు. టిక్. ఆ చప్పుడుకు విలెమ్ తల కొద్దిగా కదిలింది. అప్పుడు నాకు తట్టింది. సేఫ్టీది వేలితో దిగేటప్పుడు చప్పుడుండదు, లీవర్‌కు ఉంటుంది. చెవులున్నవాడికి గంతలతో పనేముంది? ద్రహోష్‌కు అంత తెలివి లేదు, టీచరుకు అంత దొంగబుద్ధి లేదు. విలెమ్‌కు తెలివుంది, పైగా వాడు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడు.

పోనీలే, తెలిస్తే మంచిదేగా, మొగుడేగా అనుకున్నాను. చూశారా నా పిచ్చి!

"మొదటిది" అన్నాడు విలెమ్. సేఫ్టీది.

నేను వెళ్లి ఆ గంతలు నా చేత్తోనే లాగేశాను. "నా కళ్లలోకి చూసి చెప్పు. టిక్‌మన్నది వినబడిందా లేదా?"

"వెందులా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్తే నువ్వు టీవీ పెడతావు. ఇక్కడే చెప్పు."

"వినబడింది."

"ఏది ఏదో తెలిసే చెప్పావా?"

"తెలిసే చెప్పాను." వాడి గొంతు పెరిగింది. "పోయిన వారం అది పేలినప్పుడు నీ ముఖం నువ్వు చూసుకోలేదు, నేను చూశాను. తెల్లగా పాలిపోయావు. నాలుగు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఇది ఆటే కదా! మానేస్తే ఏం? నువ్వు టీములో లేకపోతే నాకు ప్రశాంతంగా ఉంటుంది, అంతే!"

"నీ ప్రశాంతత కోసం నా చోటు తీసేస్తావా? జారని పిస్తోలు ఇమ్మని అడుగుతుంటే, జారేదే ఉండాలని ఓటేస్తావా? అడిగావా నన్ను ఒక్కసారైనా?"

వాడి భయం నాకు అర్థంకాక కాదు. చలికాలంలో నా చేయి తువ్వాలులో చుట్టి ఆసుపత్రికి పరుగెత్తింది వాడే. కానీ భయపడేవాడు భయపడుతున్నానని చెప్పాలి, గంతల వెనక దాక్కుని ఓటు వేయకూడదు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాడి మీద నాకు కోపం చాలాసార్లు వచ్చింది. ఇలా మనసు విరిగింది మాత్రం ఇప్పుడే.

"ఆ ఓటు చెల్లదు" అన్నాడు మామయ్య.

అందరం తిరిగి చూశాం.

"తెలిసి వేసింది ఓటు కాదు. నా కొడుకైనా సరే. మూడో మనిషి కావాలి."

"ఎవరొచ్చినా ఆ టిక్ వినబడుతుంది కదండీ" అంది టీచర్.

మామయ్య రెండు చెవుల్లోంచీ వినికిడి మిషన్లు తీసి బల్లమీద పెట్టాడు. తుపాకుల మధ్య బతికిన చెవులు, అవి లేకపోతే పక్కన బాంబు పడినా ఆయన టీ తాగుతూనే ఉంటాడు.

"నాకు వినబడదు!" అని అరిచాడు, వినబడనివాళ్లు అరిచినట్టే. "అందరూ బయటికి పొండి! పెదాల కదలికలూ వద్దు, సైగలూ వద్దు! వెందుల ఒక్కతే ఉంటుంది. అదే అందిస్తుంది, నేను లాగుతాను!"

"నాన్నా, నువ్వే సేఫ్టీ కావాలన్నావు కదా, నువ్వెలా..." అని విలెమ్ మొదలుపెట్టాడు. ఆయనకు వినబడలేదు. ద్రహోష్ వాడి భుజం పట్టుకుని, చెప్పులీడ్చుకుంటూ బయటికి నడిపించాడు. తలుపు పడింది.

డీకాకర్ అంటే ఒంటికాలిమీద లేచే మనిషి చేతిలో ఇప్పుడు నా చోటు. అయినా వద్దని అనలేకపోయాను. ఈ క్లబ్బులో ట్రిగ్గర్ విషయంలో అబద్ధం చెప్పలేని చేయి ఏదైనా ఉందంటే అది ఆయనదే. ఆ సంగతి నాకు తెలుసు, తెలుసు కాబట్టే ఒళ్లు మండుతోంది.

ఆయనే గంతలు బిగించుకుని కూర్చున్నాడు. రెండు పిస్తోళ్లనూ తువ్వాలు కప్పి, దాని కింద అటూ ఇటూ మార్చాను. ఒకటి తీసి హామర్ దించి ఆయన చేతిలో పెట్టాను. డీకాకర్‌కు లీవర్ ఉంది, సేఫ్టీది నా వేళ్లలోంచి జారినా లోపల డమ్మీయే, పేలదు. ఆయన బొటనవేలు అలవాటుగా హామర్ వైపు పాకింది. దాన్ని తీసి పక్కన పెట్టాను.

లాగాడు. పొడుగుది, పొట్టిది. రెండోది ఇచ్చాను. లాగాడు. మళ్లీ మొదటిది అడిగాడు. ఆ ముసలి ముఖంలో కోపం లేదు, మొండితనం లేదు. ఫ్యాక్టరీలో బల్లముందు కూర్చున్నప్పుడు ఇలాగే ఉండేవాడేమో అనిపించింది. నాకు ఆయన మీద ప్రేమ పొంగింది, ఆ పాడు సమయంలో. మళ్లీ రెండోది అడిగాడు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ ఇచ్చాను.

చివరికి పిస్తోలు నాకు తిరిగిచ్చాడు.

"పొడుగు లాగుడు మొదటిదాంట్లో చాలా బావుంది! తడిమట్టి అన్నది తప్పు!" అని అరిచాడు. "కానీ మొత్తంమీద చెప్పాలంటే రెండోది. వెంట్రుకవాసి తేడా. అంతకన్నా లేదు. కానీ రెండోదే."

గంతలు విప్పుకోలేదు. చేతులు మోకాళ్లమీద పెట్టుకుని, బల్లవైపు ముఖం తిప్పకుండా కూర్చున్నాడు. నేను రెండు పిస్తోళ్లనూ తువ్వాలు కింద పెట్టేశాను.

తలుపు తెరుచుకుంది. ముందు ద్రహోష్ తల, దాని వెనక టీచరు, వెనక మా ఆయన.

"ఏమన్నాడు?" అన్నాడు ద్రహోష్.

"రెండోది అన్నాను!" అని అరిచాడు మామయ్య, వాళ్ల అడుగుల అదురు నేలమీద తెలిసిందేమో. "ఏది రెండోదో వెందులే చెబుతుంది! అది చెప్పిందే ఖాయం!"

నలుగురూ నావైపు చూశారు. ముగ్గురు కళ్లతో, ఒకరు గంతలతో.

రెండోది సేఫ్టీది. ఆ సంగతి నాకూ, బహుశా మామయ్య వేలికీ తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు.

"చెప్పు వెందులా, ఏది?" అన్నాడు మా ఆయన.